ఎదురుపడిన మనిషి నుంచి ప్రతినాయకుడిని మలచడం ఎలా?

కథలు రాయడం కొత్తగా మొదలుపెట్టిన వారిలో చాలామందికి తమ కథానాయకుడి గురించి ఎంతో తెలిసి ఉంటుంది, ప్రతినాయకుడి గురించి మాత్రం అతను చెడ్డవాడన్న ఒక్క సంగతే తెలిసి ఉంటుంది. అందుకే ఆ పాత్ర మీసం మెలేసి, పెద్దగా నవ్వి, ఎవరిదో పొలం కాజేసి, చివరి పేజీలో దెబ్బ తిని వెళ్ళిపోతుంది. మనల్ని నిజంగా నష్టపరిచిన మనుషులు అలా ఉండరు. వాళ్ళు మన ఇంట్లో భోజనం చేసి ఉంటారు, మన పెళ్ళికి చదివింపులు ఇచ్చి ఉంటారు, మన పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో వాళ్ళకు గుర్తుంటుంది. అటువంటి ఒక మనిషి మీకు ఎప్పుడో ఎదురుపడే ఉంటాడు. అతని నుంచి కథకు పనికొచ్చే ప్రతినాయకుడిని తయారు చేసుకోవడానికి నేను పాటించే పద్ధతిని, చేసే వరుసలోనే, ఇక్కడ వివరిస్తున్నాను. ఒక్కో పాత్రకు నెల రోజులు పడుతుంది కాబట్టి తొందర ఉన్నవారికి ఇది నచ్చకపోవచ్చు.

ఉదాహరణగా నా అనుభవం ఒకటి తీసుకుంటాను. నాకు పదమూడేళ్ళప్పుడు, మా తాతయ్య పెద్దకర్మ రోజున, ఆయనకు అప్పు ఇచ్చిన వడ్డీ వ్యాపారి పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తాతయ్య గురించి మాట్లాడుతూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. భోజనంలో గారెలు రెండు తిని, మూడోది వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. భోజనాలయ్యాక మా నాన్నను పెరట్లోకి పిలిచి, లోపలి జేబులోంచి మందుల షాపు కవరులో మడిచి పెట్టుకున్న ప్రోనోటు తీశాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తాతయ్య రాసిచ్చిన కాగితం అది. మూడేళ్ళు నిండితే ప్రోనోటుకు కాలదోషం పట్టి కోర్టులో చెల్లకుండా పోతుంది కనుక, ఆ లోపల ఎంతో కొంత జమ కట్టించి, గడువు మళ్ళీ కొత్తగా మొదలయ్యేలా కాగితం వెనక చెల్లు రాయించి సంతకం తీసుకోవడం అప్పులిచ్చేవారందరికీ తెలిసిన పని. గడువుకు ఇంకా పన్నెండు రోజులు ఉంది. కర్మ చేస్తున్న మా నాన్న ఒంటి మీద చొక్కా కూడా లేదు, ఇక జేబెక్కడిది? ఆయన తన జేబులోంచే వంద నోటు తీసి నాన్న చేతిలో పెట్టాడు. మళ్ళీ తానే దాన్ని తీసుకుని, “నూరు రూపాయలు జమైంది బాబూ, ఇక్కడో సంతకం చెయ్యి” అన్నాడు. కలం మూత కూడా తానే తీసి ఇచ్చాడు. ఆయన గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు.

ముందు చూసింది రాసుకోండి

సంఘటన జరిగిన రోజునే కాగితం మీద పెట్టగలిగితే అంతకన్నా మంచిది లేదు. పాత జ్ఞాపకమైతే మరో దారి ఉంది. ఒకసారి రాసి పక్కన పెట్టండి. వారం తర్వాత, మొదటి కాగితం చూడకుండా మళ్ళీ రాయండి. మరో వారానికి మూడోసారి రాయండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని సంగతులు చాలా కనిపిస్తాయి, మూడింటిలోనూ తప్పకుండా వచ్చినవి మాత్రం నాలుగో ఐదో ఉంటాయి. నా మూడు కాగితాల్లోనూ మందుల షాపు కవరు, ఆకు మీద అడ్డం పెట్టిన చెయ్యి, కలం మూత ఉన్నాయి. ఆయన చొక్కా రంగు ఒక్కోసారి ఒక్కో విధంగా ఉంది, కాబట్టి దాన్ని వదిలేశాను. మూడుసార్లు వచ్చినంత మాత్రాన అది అచ్చంగా అలాగే జరిగిందని చెప్పలేం; మీ మనసు దాన్ని గట్టిగా పట్టుకుందని మాత్రం చెప్పవచ్చు, కథకు అంతే చాలు.

రాసేటప్పుడు దుర్మార్గుడు, కపటి, జిత్తులమారి వంటి మాట ఒక్కటి కూడా రానివ్వకండి. కళ్ళలో క్రూరత్వం కనిపించిందని రాశారంటే మీరు అక్కడ చూసింది ఏమీ లేదన్నమాట. ఆ మనిషి ఏ చేత్తో ఏం పట్టుకున్నాడో, ఎవరి వైపు చూడకుండా మాట్లాడాడో, ఏం తిని ఏం వద్దన్నాడో, లేచేటప్పుడు చివరగా ఏమన్నాడో రాయండి. మాటలు గుర్తుంటే ఉన్నవి ఉన్నట్టు, గుర్తు లేకపోతే ఎంత సేపు మాట్లాడాడో ఆ సంగతి మాత్రమే రాయండి. ఈ దశలో సంభాషణలు కల్పించడం మొదలుపెడితే తర్వాత ఏది మీరు విన్నదో ఏది మీరు అల్లిందో మీకే తెలియకుండా పోతుంది.

ఊహను విడిగా పెట్టండి

ఇప్పుడు అదే కాగితాన్ని మళ్ళీ చదువుతూ, మీరు కళ్ళారా చూసినవాటికీ మీరు ఊహించినవాటికీ మధ్య గీత గీయండి. ఇది పైకి కనిపించినంత సులువు కాదు. “కావాలనే పెద్దకర్మ రోజు ఎంచుకున్నాడు” అన్న వాక్యం నా మొదటి కాగితంలో నిజంలా కూర్చుని ఉంది. నేను చూసింది ఆయన ఆ రోజు రావడం మాత్రమే, ఎంచుకోవడం నా ఊహ.

ఊహను గుర్తించాక దాన్ని కొట్టేయకండి, ఎందుకంటే కథ పుట్టే చోటు అదే. ఒక ఊహకు బదులు మూడు ఊహలు రాయండి. గడువుకు పన్నెండు రోజులు ఉండగా ఆ రోజే ఎందుకు వచ్చాడు? బంధువులంతా ఒకచోట ఉంటారు, రేపు ఎవరైనా కాదంటే సాక్షులు ఉంటారని వచ్చాడనుకుంటే, ఆయన లెక్క తెలిసిన జాగ్రత్తపరుడు. నలుగురిలో అడిగితే మొహమాటానికి కాదనలేరని వచ్చాడనుకుంటే, ఎదుటివారి సిగ్గును పనిముట్టుగా వాడుకునే మనిషి. భోజనానికి ఎలాగూ రావాలి, మళ్ళీ ఇంకోసారి బస్సు ఛార్జీ ఎందుకని అదే రోజు పని ముగించుకున్నాడనుకుంటే, ఆ ఇంట్లో ఏం జరుగుతున్నదో ఆయనకు పట్టనే లేదు. ఒకే సంఘటన నుంచి ముగ్గురు వేర్వేరు మనుషులు వచ్చారు. నాకు ముగ్గురిలో మూడోవాడే ఎక్కువ భయం కలిగిస్తాడు, కానీ నాటకీయమైన కథకు రెండోవాడు బాగా పనికొస్తాడు. మీ కథకు ఎవరు కావాలో మీరు తేల్చుకోవచ్చు. తేల్చుకునే ముందు ముగ్గురినీ కాగితం మీద చూడడం మాత్రం అవసరం.

కోపం తగ్గాక అతని తరఫున రాయండి

మీకు అన్యాయం చేసిన మనిషి గురించి వేడి మీద రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదు చదివేవారికి మీ మీద జాలి కలుగుతుంది గానీ ఆ మనిషి మీద ఆసక్తి కలగదు. కోపం తగ్గిందో లేదో తెలుసుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష చిన్నది: ఆ మనిషి చేసిన మంచి పని ఒకటి, వెటకారం లేకుండా, రెండు వాక్యాల్లో రాయగలగాలి. రాయలేకపోతే ఇంకా సమయం కాలేదని అర్థం, ఆ పుస్తకం మూసి వేరే కథ చూసుకోండి. కొందరి విషయంలో ఆ సమయం ఎప్పటికీ రాకపోవచ్చు. మిమ్మల్ని శారీరకంగా గానీ లైంగికంగా గానీ హింసించిన వారి దగ్గరికి కథ కోసం మళ్ళీ మనసులోనైనా వెళ్ళవలసిన బాధ్యత మీకు లేదు. ఇంతకన్నా చిన్న గాయాల నుంచి కూడా పెద్ద పాత్రలు పుడతాయి.

పరీక్ష దాటాక, ఆ మనిషి రాత్రి ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, భోజనం ముందు కూర్చుని, జరిగింది భార్యతో చెబుతున్నట్టు ఒక పేజీ రాయండి. అతని మాటల్లో అతను తప్పు చేసినట్టు ఎక్కడా ఉండకూడదు. నేను రాసిన పేజీలో కొంత ఇలా ఉంది:

“ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లో ఆపద వచ్చినా నా గుమ్మంలోకే వచ్చారు. బ్యాంకులో పాసు పుస్తకం అడిగారట, పొలం కాగితాలు అడిగారట. నేను ఒక్క సంతకం అడిగాను, అంతే. మా అన్నయ్య ఇలాగే మొహమాటపడి మూడు నోట్లకు కాలదోషం పట్టించుకున్నాడు. ఆ వాకిట్లో ఈ వాకిట్లో కూర్చుని దేబిరించాడు. చివరికి బియ్యానికి నా దగ్గరికే వచ్చాడు. ఆ కుర్రాడి చేతిలో డబ్బు లేదంటే నా జేబులోంచే తీసి పెట్టాను. అలా పెట్టేవాడు ఇంకొకడు ఉన్నాడా ఈ చుట్టుపక్కల?”

ఈ అన్నయ్య నా కల్పన. ఆ వ్యాపారికి అన్న ఉన్నాడో లేడో నాకు తెలియదు. కానీ ఆ అన్నయ్య రాగానే, ఆయన ఎందుకు అంత జాగ్రత్తగా ఉంటాడో నాకు మొదటిసారి అర్థమైనట్టు అనిపించింది, అప్పటి నుంచి ఆయన పాత్ర కావడం మొదలైంది. మీ పేజీలో కూడా ఇటువంటి భయం ఒకటి బయటపడే దాకా రాస్తూ వెళ్ళండి. ప్రతినాయకుడికి ఆశ ఒక్కటే సరిపోదు, తాను ఎవరిలా అయిపోకూడదని అనుకుంటున్నాడో ఆ మనిషి కూడా అతని వెనకాల ఉండాలి.

ముడి ఉంచుకుని మనిషిని వదిలేయండి

ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. నిజమైన మనిషిని పేరు మార్చి, అదే ఊళ్ళో, అదే వ్యాపారంలో, అదే కండువాతో కథలోకి దింపేస్తారు. దానివల్ల రెండు నష్టాలు ఉన్నాయి. ఆ మనిషి ఎవరో తెలిసినవారు గుర్తుపడతారు, దాని సంగతి తర్వాత చెబుతాను. అంతకన్నా ముఖ్యంగా, జరిగినదానికి మీరు బందీ అయిపోతారు. కథ ఒక మలుపు తిరగవలసిన చోట “కానీ అలా జరగలేదే” అని చెయ్యి ఆగిపోతుంది.

దీనికి మార్గం ఏమిటంటే, ఆ సంఘటనలోని ముడిని వృత్తి, ఊరు, వయసు, ఆడా మగా అన్న ప్రస్తావన లేకుండా ఒక వాక్యంలో చెప్పడం. నా ఉదాహరణలో ఆ వాక్యం ఇది: ఎదుటివారికి అడగకుండా సాయం చేసి, ఆ సాయాన్నే వాళ్ళ ఒప్పుకోలుగా మార్చుకునే మనిషి. ఈ వాక్యం దొరికాక మిగిలినవన్నీ తిరిగి ఇచ్చేయవచ్చు. నేను వ్యాపారిని ఒక పట్టణంలో, బట్టలు కుట్టే షాపు వెనక గదిలో ఇంటింటి చీటీలు వేసే యాభై ఏళ్ళ ఆవిడగా మార్చాను. కర్మ రోజు పోయింది, కండువా పోయింది, ప్రోనోటు మాత్రం మరో రూపంలో మిగిలింది. వంద నోటు స్థానంలో, వాయిదా కట్టలేక తడబడుతున్న ఇల్లాలితో ఆవిడ అనే ఒక్క మాట వచ్చింది: “ఈ నెల నీది నేను కట్టేశాలే వదినా.” అడగకుండా చేసిన సాయం పుస్తకంలో రాతగా మారుతుంది. పాత కథలో ఉన్న ముడే ఇది, కానీ ఆవిడ ఇప్పుడు ఏమైనా చేయగలదు, ఎందుకంటే ఆవిడ ఎవరూ కాదు.

ఎంత ఉంచుకోవాలి, ఎంత తీసేయాలి అన్నదానికి ఇంగ్లీషులో రాసిన నవలాకారుడు స్టీవెన్‌సన్ చెప్పిన సంగతి నాకు బాగా ఉపయోగపడింది. 1883లో పుస్తకంగా వచ్చిన ఆయన సముద్రపు దొంగల నవలలో ఒంటికాలి వంటవాడు లాంగ్ జాన్ సిల్వర్‌కు మూలం ఆయన మిత్రుడు, కవి విలియం ఎర్నెస్ట్ హెన్లీ. హెన్లీ క్షయ వల్ల ఒక కాలు మోకాలి కింద పోగొట్టుకున్నవాడు. ఆ మిత్రుడి నుంచి సున్నితమైన గుణాలన్నీ తీసేసి, బలం, ధైర్యం, చురుకుదనం, కలుపుగోలుతనం మాత్రం మిగిల్చి, వాటిని ఒక మొరటు నావికుడిలో పెట్టానని స్టీవెన్‌సన్ తర్వాత స్వయంగా రాశాడు. గమనించవలసింది ఏమిటంటే, హెన్లీ ఆయనకు శత్రువు కాడు, ఎంతో ఇష్టమైనవాడు. కాబట్టి ప్రతినాయకుడి కోసం మీకు కీడు చేసినవారిలోనే వెతకనక్కర లేదు. గదిలోకి రాగానే అందరినీ తన వైపు తిప్పుకునే మీ మేనమామలోంచి దయ ఒక్కటి తీసేస్తే ఏం మిగులుతుందో ఒకసారి రాసి చూడండి.

ఒక్కరితో సరిపెట్టకండి

ముడి దొరికాక, అదే ముడి వేసే మరో ఇద్దరు ముగ్గురిని గమనించండి. పెద్దవాళ్ళను అడగండి, పత్రికల్లో జిల్లా పేజీలో వచ్చే కోర్టు వార్తలు చదవండి, మీ ఆఫీసులో చూడండి. ఒకరి చెయ్యి, మరొకరి గొంతు, ఇంకొకరి ఇంటి పరిస్థితి కలిస్తే పాత్రకు సొంత రక్తం వస్తుంది. ఇలా ఎక్కువ మందిని చూడడంలో మరో లాభం ఉంది: ఇది ఒక మనిషి గుణమా, లేక ఊరంతా ఒప్పుకున్న అలవాటా అన్నది తెలుస్తుంది.

గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1897 నాటి మొదటి ముద్రణ ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించగా అవి 1,034 అని తేలింది. ఆ పిల్లల్లో ఐదేళ్ళ వయసులో పెళ్ళయినవారు 99 మంది, ఏడాది వయసువారు ముగ్గురు. ఆ జాబితా చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అదే విషయం మీద రాసిన నాటకంలో కూతురిని అమ్మజూపే అగ్నిహోత్రావధాన్లుగానీ, ముసలితనంలో పెళ్ళికి సిద్ధపడే లుబ్ధావధాన్లుగానీ వేదిక మీదికి వస్తే మనం నవ్వుతాం. ఒకరు ముక్కోపి, మరొకరు పిసినారి, ఇద్దరూ మన వీధిలో ఉండదగినవారు. అంతమంది తండ్రులు చేసిన పనిని ఒక్క రాక్షసుడి మీద మోపి ఉంటే ఆ వెయ్యి పెళ్ళిళ్ళకు బాధ్యులు ఎవరూ లేకుండా పోయేవారు. మీ ప్రతినాయకుడు చేసే పని మీ చుట్టూ ఎంతమంది చేస్తున్నారో లెక్క వేసుకోండి. ఎక్కువ మంది అయితే అతనిని మామూలు మనిషిగా రాయండి, ఒక్కడే అయితే అతను ఎందుకు ఒక్కడే అయ్యాడో చెప్పవలసి వస్తుంది.

పిలుపు దగ్గర ఆగి పని చేయండి

తెలుగులో రాసేవారికి మన భాష ఉచితంగా ఇచ్చిన పనిముట్టు ఒకటి ఉంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. మీరు, నువ్వు, తమరు, బాబూ, తల్లీ, ఒరేయ్, ఏమండీ, వదినా, పిన్నిగారూ అన్న పిలుపుల్లో ఎవరికి ఎవరి మీద ఎంత హక్కు ఉందో మొత్తం ఉంటుంది. మా నాన్నను ఆ వ్యాపారి అంతకుముందు ఏమని పిలిచేవాడో నాకు గుర్తు లేదు, కానీ ఆ రోజు “బాబూ” అన్నాడు. తండ్రి పోయిన మనిషిని ఆ పిలుపుతో చిన్నవాడిని చేసి, “చెయ్యి” అని ఏకవచనంలో సంతకం అడిగాడు. అందులో అవమానం ఉందని చెప్పి దెబ్బలాడడానికి కూడా వీలు లేదు, ఎందుకంటే అది ప్రేమగా పిలిచే పిలుపే.

చీటీల ఆవిడ విషయంలో నేను దీని మీద చాలా రోజులు పని చేశాను. ఆవిడ కథానాయికను మేడమ్ అని పిలిస్తే గేటు దగ్గరే నిలబడాలి. వదినా అని పిలిస్తే వంటింటి దాకా రావచ్చు, గిన్నె మూత తీసి కూర ఏమిటో చూడవచ్చు, “అన్నయ్య జీతం ఇంకా పడలేదా” అని అడగవచ్చు. వరస కలపడం అంటే తలుపు తీయించుకోవడమే. అందుకని కథ మొత్తంలో పిలుపు మూడు రకాలుగా ఉండేలా రాశాను. మొదట్లో “రండి వదినగారూ, కూర్చోండి”. వాయిదా తాను కట్టేశాక “రా వదినా”. చివర్లో, నలుగురి ముందు, పేరు పెట్టి, అది కూడా మెల్లగా. ఆ మూడో చోట బెదిరింపు మాట ఒక్కటి కూడా లేదు, అవసరం పడలేదు.

మీ పాత్రకు కూడా ఇలా ఒక పట్టిక వేసుకోండి: అతను ఎవరిని ఏమని పిలుస్తాడు, ఎప్పుడు మారుస్తాడు, మార్చినప్పుడు ఎదుటివారు గమనించారా లేదా. చివరి దాకా అందరినీ “మీరు” అనే ప్రతినాయకుడు కూడా మంచి పాత్రే, ఒకే షరతు మీద: తన కొడుకును కూడా అలాగే పిలవాలి.

దీనితో పాటు అతనికి ఒక నియమం ఇవ్వండి, తప్పకుండా పాటించేది. శుక్రవారం ఇంట్లో డబ్బు బయటికి ఇవ్వకూడదని చాలా ఇళ్ళలో పట్టింపు ఉంది కాబట్టి, మా చీటీల ఆవిడ శుక్రవారం ఎవరి ఇంటికీ వసూలుకు వెళ్ళదు. వీధిలో అందరూ ఆవిడకు ఎంత పద్ధతి అని మెచ్చుకుంటారు. ఆవిడ గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది.

శరీరం, యాస, ఇంటిపేరు

ఈ మూడింటితో చెడును సూచించడం మానేయండి. మెల్లకన్ను, కుంటికాలు, నల్లరంగు, స్ఫోటకం మచ్చలు చూపించి ఇతను దుష్టుడని చెప్పడం బద్ధకం, అంతకు మించి క్రూరత్వం కూడా. యాస విషయంలో మన సినిమాలు చేసిన తప్పు పెద్దది. కథానాయకుడు ఒక రకం తెలుగు, రౌడీ తెలంగాణ యాసో రాయలసీమ యాసో మాట్లాడే చిత్రాలు ఎన్నో చూశాం, ఆ ప్రాంతాల వారికి అది ఎలా వినిపించి ఉంటుందో తీసినవారు ఆలోచించలేదు. మీ ప్రతినాయకుడికి యాస ఉంటే అదే వీధిలో ఉన్న మంచివారికి, కథానాయికకు కూడా అదే యాస ఉండాలి.

ఇంటిపేరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగు పాఠకుడు ఇంటిపేరు చూడగానే కులం ఏదో, చాలాసార్లు ఊరు ఏదో కూడా ఊహిస్తాడు. కథకు కులం అవసరమైతే ధైర్యంగా రాయండి, అవసరం లేకపోతే ఇంటిపేరే పెట్టకండి. అనుకోకుండా పెట్టిన ఇంటిపేరు ఒక సమూహాన్ని మొత్తం ముద్దాయి బోనులో నిలబెడుతుంది.

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ 1849లో నెలవారీ భాగాలుగా వస్తున్న తన నవలలో పొట్టిగా ఉన్న ఒక స్త్రీ పాత్రను అనుమానించదగినదిగా ప్రవేశపెట్టాడు. ఆయన ఇంటి దగ్గరే ఉంటూ, గోళ్ళూ పాదాలూ సరిచేసే పని చేసుకునే ఒకావిడ తనను తాను అందులో గుర్తుపట్టి, తన ఆకారాన్ని లోకానికి వేళాకోళం చేశారని బాధపడుతూ ఉత్తరం రాసింది. డికెన్స్ ఆమెకు క్షమాపణ చెప్పుకుని, తర్వాత వచ్చిన ఒక భాగంలో ఆ పాత్రను మంచిదానిగా మార్చవలసి వచ్చింది. అంతటి రచయిత కూడా పాత్ర నుంచి తీసేయవలసినదాన్ని, అంటే చూడగానే గుర్తుపట్టే శరీరాన్ని, తీయకుండా వదిలేశాడు.

చట్టం వైపు ఒక చూపు

“ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు” అన్న వాక్యం ముందు పేజీలో వేసుకుంటే అంతా భద్రమని అనుకోకండి. పాఠకులు ఫలానా మనిషే అని గుర్తుపట్టగలిగితే ఆ వాక్యం పెద్దగా అడ్డుకోలేదు. 1908లో ఒక ఇంగ్లీషు వారపత్రిక హాస్య వ్యాసంలో ఆర్టెమస్ జోన్స్ అనే పేరు వాడారు. ఆ పేరు గల న్యాయవాది నిజంగా ఉండడంతో ఆయన దావా వేసి 1,750 పౌండ్లు గెలిచారు, పత్రిక వారు కల్పిత పాత్ర అని ఎంత చెప్పినా 1910లో అప్పట్లో అక్కడి చివరి అప్పీలు కోర్టు అయిన ప్రభువుల సభ ఆ తీర్పునే నిలబెట్టింది. మన దేశంలో పరువునష్టం నేరం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. అంతకుముందు అది శిక్షాస్మృతి 499, 500 సెక్షన్లలో ఉండేది. శిక్ష రెండేళ్ళ దాకా సాధారణ కారాగారం గానీ, జరిమానా గానీ, రెండూ గానీ, సమాజ సేవ గానీ కావచ్చు. చనిపోయినవారి గురించి, వారి కుటుంబం మనసు నొప్పించే ఉద్దేశంతో రాసినా నేరం కావచ్చునని చట్టంలో వివరణ ఉంది. అందువల్ల పోయినాయనే కదా అని ధీమాగా ఉండకండి.

ఆచరణలో నేను చేసేది: వృత్తి, ఊరు, వయసు, కుటుంబ సభ్యుల సంఖ్య, శరీర లక్షణం, సంఘటన జరిగిన సందర్భం, ఈ ఆరింటిలో కనీసం నాలుగు మారుస్తాను. పేరు పెట్టాక ఆ ఊళ్ళో, ఆ వృత్తిలో ఆ పేరు వారు ఉన్నారేమో కనుక్కుంటాను. అదే మనిషి వల్ల మీతో పాటు నష్టపోయిన ఇతరులు ఉంటే వారి వివరాలు ఇంకా జాగ్రత్తగా మార్చండి. కథ రాయాలని నిర్ణయించుకున్నది మీరు, వారు కాదు.

ఇద్దరి చేత చదివించండి

చిత్తుప్రతి పూర్తయ్యాక అసలు మనిషిని ఎరిగినవారు ఒకరు, ఆ వ్యవహారం తెలిసినవారు మరొకరు చదవాలి. నా కథను ముందు, ఆ రోజు పెరట్లో ఉన్న మా బాబాయికి ఇచ్చాను. ఆయన చదివి, “ఎవర్రా ఈవిడ, మీ వీధిలో ఉంటుందా?” అని అడిగాడు. వడ్డీ వ్యాపారి పేరు ఎత్తలేదు. నాకు కావలసింది అదే.

రెండో ప్రతి, ఇరవై ఏళ్ళుగా చీటీలు కడుతున్న పక్కింటి ఆవిడకు ఇచ్చాను. నాలుగో పేజీలో ఆగిపోయి అడిగింది: “ఈవిడ ఇంకా చీటీ పాడుకోనే లేదు కదా, అప్పుడే ప్రోనోటు ఎందుకు రాసిస్తుంది? పాడుకోనంత వరకూ చీటీ వేసేవాళ్ళే మనకి బాకీ.” నిజమే. నెలకు ఐదు వేల చొప్పున ఇరవై మంది కట్టే లక్ష రూపాయల చీటీలో, ముందుగా పాడుకుని డబ్బు తీసుకున్న మనిషి దగ్గరే మిగతా వాయిదాలకు హామీ కాగితాలు తీసుకుంటారు. నా ప్రతినాయిక సాయం చేసి ప్రోనోటు సంపాదించాలంటే, ముందు ఆ ఇల్లాలి చేత చీటీ పాడించాలి. అంటే ఆవిడకు డబ్బు అవసరం అనిపించేలా చేయాలి.

దానితో కథలో లేని కొత్త దృశ్యం రాయవలసి వచ్చింది. నాలుగో నెల, గురువారం రాత్రి, వంటింట్లో పీట మీద కూర్చుని ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, అమ్మాయి కాలేజీ ఫీజు గడువు ఎప్పుడని అడుగుతుంది. ఈ నెల పాటకు పోటీ లేదు, ముప్పై వేలు వదులుకుంటే డెబ్బై వేలు చేతికొస్తాయి అంటుంది. ఇంకా కట్టవలసినవి పదహారు వాయిదాలన్న మాట మాత్రం ఎత్తదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. ఈనెలు తీసిన కాయలు గిన్నెలో వేసి, గిన్నె కూడా తానే కడిగి పెట్టి వెళ్తుంది. ఈ దృశ్యం వచ్చాక ఆవిడ ఎంత గడసరో చెప్పడానికి నేను రాసుకున్న మొదటి మూడు పేజీలతో పని లేకపోయింది. తీసేశాను.